జూన్ పదమూడో తేదీ పేజీ

జూన్ 9, సోమవారం

మెట్లు పద్దెనిమిది. బస్సు డిపో ఎదురుగా మందుల దుకాణం మీద ఈ గది తీసుకున్నప్పుడు నేను లెక్కపెట్టలేదు. ఇప్పుడు మోకాళ్లు లెక్కపెడుతున్నాయి. బయట బోర్డు మీద ‘జగదీశ్వర్, ప్రైవేట్ ఎంక్వైరీ’ అన్న అక్షరాల్లో సగం ఎండకు పోయాయి. మళ్లీ రాయించమని స్వరూపరాణి పోరు. మిగిలిన సగం చాలంటాను. యాభై ఎనిమిదేళ్ల మొగుడితో వాదించి లాభం లేదని ఆమె వంటింట్లోకి పోతుంది.

పట్నంలో ఇరవై రెండేళ్లు ఇదే పని. భర్తల వెనక, భార్యల వెనక, పెళ్లి సంబంధాల వెనక తిరిగాను. ఇటువాళ్లకు ఒక నిజం, అటువాళ్లకు ఇంకో నిజం అమ్మిన రోజులూ ఉన్నాయి. అదంతా వదిలేద్దామనే పుట్టిన ఊరైన ఖేడ్‌కు తిరిగొచ్చాను. వదల్లేదు. నాకు చేతనైన పని ఇదొక్కటే.

మధ్యాహ్నం మనూర్ నుంచి హన్నమ్మ అని ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక్కడే కొడుకు. ఇరవై ఆరేళ్లు. పట్నంలో టవర్లు కట్టే చోట పని. ప్రతి ఆదివారం చర్చి విడిచే వేళకు తల్లికి ఫోన్ చేసేవాడు. మే ఇరవై ఐదు తర్వాత ఫోన్ లేదు. ఈమె చేస్తే స్విచాఫ్. ఠాణాకు పోతే, పెండ్లయిన మొగోడు ఏడికి పోతడు, వాడే వస్తడు పో అన్నారట.

“నేనన్న ఇంత తింటున్న సారు. కోడలు దీవెన ముద్ద ముట్టుత లేదు,” అంది.

చేతిలోని ఫొటో ఇచ్చింది. చర్చిలో పెళ్లి రోజు తీసింది. పిల్లవాడు నవ్వుతున్నాడు. ఎడమ చేయి మాత్రం పెళ్లికూతురి వెనక దాచుకున్నాడు. ఎందుకని అడిగితే, చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో చిటికెన వేలు పోయిందట, ఫొటో అంటే ఆ చెయ్యి దాచేస్తాడట.

“బతికుంటే తీస్కరా. సచ్చిపోతే సచ్చిపోయిండని చెప్పు. తెల్వదని మాత్రం చెప్పకు,” అంది. “ఆళ్ల నాయిన సమాధి పక్కపొంటి జాగ ఉంచిన సారు. నా కోసం ఉంచుకున్న జాగ. గట్లయితె ఆన్నే పెడ్త. మట్టి నా చేతులతోటి ఎయ్యాలె.”

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

పేరు అడిగాను. తోమా అంది. రాసుకున్నాను. కార్డులేమైనా ఉన్నాయా అంటే అన్నీ వాడి జేబులోనే ఉన్నాయంది. సరే అన్నాను. ఈ రోజుల్లో ఫొటో ఉంటే చాలు.

జూన్ 10

శివశంకర్‌కు ఫోన్ చేశాను. మా పాత ఏజెన్సీలో కంప్యూటర్ చూసేవాడు. ఇప్పుడు పట్నం రోడ్ల మీది కెమెరాలన్నీ చూసే ఒక కంపెనీలో ఉన్నాడు. దొడ్డిదారిన మనుషుల్ని వెతికి పెడతాడు. శుక్రవారం రమ్మన్నాడు.

జూన్ 13, శుక్రవారం

మొదటి బస్సుకు పోయి చీకటి పడకముందే తిరిగొచ్చాను. ఒళ్లు పులిసిపోయింది. అయినా రాస్తున్నాను. చూసినదంతా రాయడం ఈ వృత్తి అంటించిన జబ్బు.

నేను వదిలేసి వచ్చిన పట్నం కాదది. అద్దాల మేడలు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. స్తంభం స్తంభానికీ నాలుగు కళ్లు. ఒక చౌరస్తాలో పైనుంచి ఆడగొంతు ఒకటి బండి నంబరు చదివి మరీ మందలిస్తోంది. మనిషి లేదు, గొంతు ఒక్కటే ఉంది. ఎవరూ తల ఎత్తి కూడా చూడటం లేదు.

పాత అలవాటు కొద్దీ ముందు దవాఖాన శవాల గదికి వెళ్లాను. గుమస్తా పాతవాడే. ఎవలు కావాలె సారూ అన్నాడు. తోమా అన్నాను. ఎవరూ అడగడానికి రాని వాళ్ల పేర్లు రిజిస్టర్ మీద వేలు జరుపుతూ చదివాడు. నేనూ రాసుకున్నాను.

యాదయ్య, అరవై.
పేరు తెలియని ఆడమనిషి, నలభై.
దశరథ్, సుమారు ఇరవై ఐదు, మెడలో పాస్ మీది పేరు, ఊరు తెలియదు.
పేరు తెలియని ముసలాయన.

తోమా లేడు.

“ఫొటోలు చూస్తవా?” అని గోడ చూపించాడు. కళ్లద్దాలు సంచి అడుగున ఎక్కడో ఉన్నాయి. అలాంటి గోడలు ఇరవై రెండేళ్లు చూశాను. పేరే లేనప్పుడు మొహాలెందుకు అన్నాను.

అక్కణ్నుంచి కంపెనీకి. తలుపుకు పిడి లేదు, మొహం చూసి అదే తెరుచుకోవాలట. నన్ను చూసి తెరుచుకోలేదు. శివశంకర్ లోపల్నుంచి వచ్చి తన మొహం పెట్టి నన్ను తీసుకుపోయాడు. తోమా ఫొటో యంత్రానికి చూపించాడు. నేను మంచినీళ్లు తాగేలోపు తెర మీద మెట్రో మెట్లు, మెట్ల మీద జనం, ఆ జనంలో ఒకడి మొహం చుట్టూ ఆకుపచ్చ గీత. జూన్ ఎనిమిదో తేదీది.

“తొంబై రెండు శాతం సారూ. ఇగ ఫికర్ చెయ్యకు. మిషన్ జూట చెప్పది,” అన్నాడు.

బతికే ఉన్నాడు. ఇల్లు మరిచి తిరుగుతున్నాడు వెధవ.

జూన్ 14

హన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను.  ‘దేవునికి స్తోత్రం’ అంటూ ఏడుపు. వెనక ఇంకో గొంతు కూడా. అది కోడలిది అయి ఉండాలి.

నా నోటి నుంచి ఒక ఇంట్లోకి మంచి మాట వెళ్లి ఎన్నేళ్లయిందో. అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

జూన్ 17

అద్దాలు కనబడక ఇల్లంతా తిరిగాను. “పట్నంల మనుషుల్ని దొర్కవడ్తడంట, నెత్తి మీద అద్దాలు దొర్కయి,” అని స్వరూపరాణి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది.

“గా పోరన్ని నువ్వు కండ్లార చూసినవా?”

“ఫొటో చూసిన.”

“ఫొటో చూసి సంబంధం గూడ ఖాయం జెయ్యరు గద.”

కోపం వచ్చింది. ఆమెకు ఈ యంత్రాల సంగతి తెలియదు.

జూన్ 20, శుక్రవారం

వాన. మోకాళ్లు. ఎక్కడికీ వెళ్లలేదు. మధ్యాహ్నం నిద్ర బాగా పట్టింది.

జూన్ 24

శివశంకర్ ఇంకో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి సికింద్రాబాద్‌లో, ఒకటి మియాపూర్‌లో. రెండింటికీ మధ్య తేడా పది నిమిషాలు. పది నిమిషాల్లో అంత దూరం ఎలా పోతాడు? మెట్రో ఎక్కి ఉంటాడు. గడియారాలు కలవకపోయి ఉండవచ్చు.

రెండో ఫొటోలో ఎడమ చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. పెద్దది చేసి చూశాను. నాలుగు వేళ్లా, ఐదు వేళ్లా తేలలేదు. ఫొటో స్పష్టంగా లేదు.

మళ్లీ చూశాను. ఐదులాగే ఉన్నాయి. ఫొటో స్పష్టంగా లేదు.

జూన్ 29, ఆదివారం

హన్నమ్మ చర్చి నుంచి నేరుగా బస్సెక్కి వచ్చింది. తెల్ల చీర, తలలో నూనె. ఈసారి చెప్పకుండానే కూర్చుంది. చర్చిలో వందన ప్రార్థన చేయించిందట. తోమా దొరికాడని అందరికీ చెప్పిందట.

“దీవెన తింటుందా?” అడిగాను.

“ఇప్పుడు తింటుంది సారు. మూడు నెలలు దానికి. ఆనికి గా ముచ్చట తెల్వనే తెల్వదు.”

గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, నువ్వుల పొడి నా బల్ల మీద పెట్టింది. పట్నం పోయినప్పుడు కొడుక్కి ఇమ్మంది. “కోపమేమన్న ఉంటె పోతది. నా చేతి రొట్టె తిన్నంక ఆడ ఉండడు, చూస్తుండు.”

తీసుకున్నాను. ఆ వేళ్ల సంగతి చెప్పాల్సింది అప్పుడే. రొట్టెలు తీసుకున్నాను.

జూలై 1

మెట్రో మెట్ల దగ్గర పొద్దున పది నుంచి నాలుగింటి దాకా నిలబడ్డాను. మధ్యాహ్నం ఆ ఆకుపచ్చ గీత మనిషి నిజంగానే దిగి వచ్చాడు. అదే చొక్కా, ఇంచుమించు అదే నవ్వు. ఎదురుపోయి “తోమా” అన్నాను. అతను హిందీలో ఏదో అన్నాడు. ఎడమ చేయి చూశాను. ఐదు వేళ్లు.

రొట్టెలు పారేయడానికి చెయ్యి రాలేదు. ఎవరికైనా ఇద్దామన్నా మనసు రాలేదు. తిరుగు బస్సులో నేనే తిన్నాను. 

జూలై 3

శివశంకర్‌ను ఫోన్లో గట్టిగా అడిగాను. మొదట నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు.

“ఎవల ఫొటో పెట్టినా దగ్గర్ల దగ్గర పోలికున్నోన్ని చూపెడ్తది సారూ. లేడు అనేది దాంట్ల పెట్టనే లేదు. లేడు అంటె మల్ల ఎవలు వస్తరు మా కాడికి?”

“ఇన్ని రోజులు నువ్వు నాకు చెప్పలే.”

“నువ్వడగలే గద. నీకు తెల్వదా, నువ్వు జెయ్యని పనా ఇది?”

ఫోన్ పెట్టేశాను. ఆ యంత్రం లెక్కన పట్నంలో ఎవరూ తప్పిపోరు, ఎవరూ చావరు. ఆదివారం మనూర్ వెళ్లి చెబుతాను. మెల్లగా చెప్పాలి.

జూలై 6, ఆదివారం

షేర్ ఆటోలో మనూర్ వెళ్లాను. వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. హన్నమ్మ నన్ను చూసి లేచి నిలబడింది, నా చేతుల వైపు చూసింది, నా వెనక వాకిలి వైపు చూసింది. నేను ఒక్కణ్నే వచ్చానని అర్థమై చాయ్ పెట్టడానికి పోయింది.

ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. సిలువ పటం పక్కన అద్దం కట్టించిన పదో తరగతి మెమో. ఆ ఇంట్లో పది గట్టెక్కిన మొదటివాడిది అయి ఉంటుంది. అద్దాలు పెట్టుకుని చదివాను. దశరథ్.

“గిదెవలిది బిడ్డా?” దీవెనను అడిగాను.

“మా ఆయనదే సార్. బడిల గా పేరు రాసిండ్రు. ఊర్లెవ్వరు పిలువరు. కూలి పాస్ మీద గూడ గదే పేరు ఉంటది.”

చాయ్ వచ్చింది. తాగాను. పని ఉందని చెప్పి లేచి వచ్చేశాను. హన్నమ్మ ఆటో దాకా వచ్చి, “ఏమన్న చెప్పనీకె వచ్చినవ్ గద సారు?” అంది. మళ్లీ వస్తానన్నాను.

పట్నపు గుమస్తాకు తెలియదంటే సరే. నాకు? బడిలో ఐదేళ్లు నా పక్కన కూర్చున్న సంగమేశ్‌ను వాళ్ల ఇంటికి పోతే తల్లి ‘పౌలూ’ అని కేకేసేది. ఇంట్లో పౌలు, రిజిస్టర్‌లో సంగమేశ్. చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో లేదు ఈ సంగతి! మనూర్ పిల్లవాణ్ని వెతుకుతూ, ఖేడ్‌లో పుట్టినవాణ్ని, ఆ ఒక్క ముక్క అడగలేదు. ఆమె కన్నకొడుకును తను పిలిచే పేరు చెప్పింది. రెండో పేరు అడగాల్సింది నేను.

జూన్ పదమూడు పేజీ తీశాను. నా రాతే. మూడో వరుస.

ఇంకెవరో దశరథ్ అయి ఉండవచ్చు.

జూలై 7

ఇంకెవరో కాదు.

దవాఖాన గుమస్తా ఫైలు తీశాడు. ఈసారి అద్దాలు పెట్టుకునే వెళ్లాను. ఫొటోలో మొహం సగమే ఉంది. ఎడమ చేయి ఛాతీ మీద పెట్టి తీశారు. చిటికెన వేలు లేదు. బతికినన్నాళ్లూ దాచుకున్న చెయ్యి.

మే ఇరవై తొమ్మిదిన పద్నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. ఎవరో ఆటోలో తెచ్చి, టవర్ పేరు మాత్రం చెప్పి, దవాఖాన గేటు దగ్గర దింపి పోయారు. మెడలో పాస్ మీద పేరు ఒక్కటే ఉంది. జేబులు ఖాళీ. ఆ టవర్ వాళ్లను అడిగితే మా మనిషి కాదన్నారట. చుట్టూ అరవై కెమెరాలున్నాయట, ఆ రోజు ఒక్కటీ పని చేయలేదట. గుమస్తా మామూలుగా చెప్పాడు. నేను మామూలుగా విన్నాను.

“బాడీ?” అన్నాను.

“ఇరవై దినాలు చూసినం సారూ. ఎవ్వలు రాకపాయె. జూన్ ఇరవైనాడు కార్పొరేషనోళ్లు తీస్కపోయి కాలవెట్టిండ్రు.”

“ఏమన్న మిగిలిందా?”

“ఏం మిగుల్తది సారూ.”

పదమూడున నేను ఆ గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. వాడు లోపల ఐసు పెట్టెలో ఉన్నాడు. ఇంకా వారం ఉంది. తల్లి వచ్చి తీసుకుపోయి, తండ్రి పక్కన పెట్టుకుని, తన చేత్తో మట్టి వేసుకునేది.

జూన్ ఇరవై పేజీ కూడా చూశాను. వాన. నిద్ర బాగా పట్టింది.

జూలై 8

వెళ్లలేదు. మోకాళ్లు.

జూలై 9

వెళ్లలేదు. వాన.

వాన లేదు.

స్వరూపరాణికి చెప్పాను.  “తెల్వదని చెప్పకు అన్నదంట గద ఆమె,” అంది.

జూలై 10, గురువారం

చెప్పాను.

హన్నమ్మ కంది చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఇంటి ముందు అరుగు మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. టవర్, పాస్, దవాఖాన, కాల్చేయడం. మెట్రో మనిషి తోమా కాదని చెప్పాను. రొట్టెలు నేనే తిన్నానని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

దీవెన లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ పిల్ల గొంతు నేను వినగలిగినంత విన్నాను. తర్వాత చెవులు పని చేయలేదు.

హన్నమ్మ తడి కాళ్లతో అలాగే కూర్చుని అడిగింది. 

“కాలవెట్టిండ్రా సారు? మట్టి గూడ లేదా?”

“లేదమ్మా.”

“నువ్వు పట్నం పోయినవ్ గద. మొదటిసారి. గప్పుడు ఆడ ఉన్నడా వాడు?”

ఈ ఒక్క ప్రశ్న ఆమె అడగకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆటోలో జవాబు కూడా తయారుచేసుకున్నాను. అప్పటికే అయిపోయిందని చెబుదామనుకున్నాను. తేదీలు ఆమెకు ఎవరు చెబుతారు? లేడు అనే రెండక్షరాలు. ఇన్నాళ్లూ ఆ యంత్రం చెప్పని మాట, ఇప్పుడు నాకు అక్కరకొచ్చే మాట.

“ఉన్నాడమ్మా,” అన్నాను. “నేనే చూడలేదు.”

ఆమె నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. చెప్పు తీసి కొట్టినా పడదామనుకున్నాను. నా జేబులోని ఈ పుస్తకం వైపు చెయ్యి చూపించి, “దీంట్ల రాసుకున్నవా?” అంది.

రాసుకున్నానన్నాను. చదవమంది. పదమూడో తేదీ చదివాను. దశరథ్, సుమారు ఇరవై ఐదు, మెడలో పాస్ మీది పేరు. ఊరు తెలియదు.  పేరే లేనప్పుడు మొహాలెందుకు అన్నది కూడా చదివాను. ఆపి ఉంటే ఆమెకు తెలిసేది కాదు.

“గా కాయితం నాకియ్యి,” అంది. “ఇంక ఏం లేదు గద మా కాడ.”

అరుగు మీదే కూర్చుని వేరే కాగితం మీద నకలు రాసుకున్నాను. ఒక్క మాట మార్చలేదు. పైన పదమూడో తేదీ దగ్గర అతికించి ఉన్నది ఆ నకలే. అసలు కాగితం చింపి ఆమెకు ఇచ్చాను. చదువు రాని మనిషి. మూడో వరుస ఏదో అడిగి తెలుసుకుని, దాని మీద వేలు పెట్టి కూర్చుంది.

జూలై 12, శనివారం

రావద్దనలేదు కాబట్టి మనూర్ వెళ్లాను. స్వరూపరాణి కూడా వచ్చింది.

ఊరి చివర, సోయాబీన్ చేను పక్కన వాళ్ల సమాధులు. తండ్రి సమాధి పక్కన చిన్న గుంట తవ్వారు, పెద్దది అక్కర్లేదు కదా. చెక్కపెట్టెలో పెళ్లినాటి తెల్ల చొక్కా మడతపెట్టి ఉంది. చొక్కా జేబులో నా కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. అంచు బయటికి కనబడుతోంది. పాస్టర్ ప్రార్థన చేశారు. తోమా అనే అన్నారు. పాట మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

దీవెన నా వైపు చూడలేదు. చూడకపోవడమే న్యాయం. ఆ పిల్ల ముఖం ఎత్తితే నేను అక్కడ నిలబడగలిగేవాణ్ని కాను. పుట్టబోయే బిడ్డకు ఏం చెబుతుంది, ఒక కాగితాన్ని చూపించి మీ నాయన అంటుందా?

హన్నమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వంగింది. పార పట్టుకున్నవాణ్ని ఆగమంది. రెండు చేతులతో మట్టి తీసి పెట్టె మీద వేసింది. మళ్లీ తీసింది. మూడోసారి తీసిన మట్టి వేయలేదు. దాన్ని పట్టుకుని జనంలోంచి నా దగ్గరికి నడిచి వచ్చి నా దోసిట్లో పోసింది.

నేను వెనక్కి తగ్గాను. నావల్ల కాదన్నాను.

“నువ్వు ఎయ్యి సారు,” అంది. “నేను పోలే. మొగడైనా దీవెన పోలే. ఆఖరుకు నా కొడుకు కాడిదాక పోయినోనివి నువ్వొక్కనివే.”

వేశాను.